ఒకే ఆదివారం నాలుగు చోట్లు వద్దు, రామప్ప ఒక్కటి చాలు

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. దసరా సెలవుల్లో కారులో ఒకరోజు టూర్ వెళ్లాం. సగం దారిలోనే బాబు వాంతులు చేసుకున్నాడు, పాప ఏడుపు ఆపలేదు. ఇల్లు చేరేసరికి నేనూ మా ఆయనా మాట్లాడుకోవడం మానేశాం. ఇప్పుడు ఆయన మళ్లీ ప్లాన్ వేశారు. వచ్చే ఆదివారం పొద్దున్నే వేయిస్తంభాల గుడి, తర్వాత రామప్ప, లక్నవరం, బొగత జలపాతం చూసుకుని రాత్రికి ఇంటికి వచ్చేయాలట. ఆయన స్నేహితులు అలాగే తిరిగొచ్చారట. అత్తమ్మేమో "పిల్లలు పెద్దయినంక పోవచ్చు తియ్, ఇప్పుడేం తొందర" అంటుంది. నాకు ఇంట్లో ఊపిరాడనట్టు ఉంది, ఎటైనా వెళ్లాలని ఉంది. పోయినసారి సంగతి తలుచుకుంటే మాత్రం టెన్షన్. ఏం చేయమంటారు? కారులో బాబుకు ఫోన్ ఇవ్వొచ్చా? తినడానికి ఏం పట్టుకెళ్లాలి?

– ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: తప్పకుండా వెళ్లండి. ఇంట్లో ఊపిరాడనట్టు ఉందని మీరు రాసిన మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. ఇద్దరు చిన్నపిల్లలతో నాలుగు గోడల మధ్య నెలల తరబడి ఉన్న మనిషికి ఒక పూట బయటి గాలి అవసరం. అది సరదా కాదు, విలాసం అంతకన్నా కాదు. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగాలంటే ఇంకో ఐదారేళ్లు పడుతుంది. అన్నేళ్లు మీరు ఆగక్కర్లేదు.

కానీ మీవారు వేసిన ప్లాన్‌తో వెళ్లకండి. ఒక్కసారి దాన్ని కాగితం మీద పెట్టి చూడండి. హనుమకొండ నుంచి రామప్ప సుమారు 65–70 కిలోమీటర్లు. అక్కడి నుంచి మళ్లీ హైవే ఎక్కి గోవిందరావుపేట వైపు వెళ్లి, లోపలికి తిరిగితే లక్నవరం. బొగత ఇంకా చాలా ముందుకు, వాజేడు మండలంలో ఉంది. ఒక్క బొగతకే వరంగల్ నుంచి 140 కిలోమీటర్ల దాకా అవుతుంది. రానూపోనూ, మధ్యలో పక్కదారులూ కలిపితే రోజు మొత్తంలో 300 కిలోమీటర్లు దాటుతాయి. ఎంత బాగా నడిపినా ఏడు గంటలు కారులోనే గడుస్తాయి. పగలు పన్నెండు గంటల్లో ఏడు గంటలు కదలకుండా కూర్చోమంటే మనకే నడుము పట్టేస్తుంది. ఏడాదిన్నర పాప ఏం చేస్తుంది? ఏడుస్తుంది. దసరాకు ఏడ్చింది కూడా అందుకే. ఆ రోజు పిల్లలు సతాయించలేదు, మీ పెంపకంలోనూ లోపం లేదు. ఆ రోజు పెట్టుకున్న ప్రయాణం వాళ్ల వయసుకు సరిపోయేది కాదు, అంతే.

మీవారి స్నేహితులు తిరిగొచ్చారంటే వాళ్లతో ఎంతమంది పిల్లలు వెళ్లారో, ఎంత వయసువాళ్లో అడగమనండి.

చిన్నపిల్లల ప్రయాణాన్ని దూరంతో కొలవొద్దు, వాళ్ల నిద్రతో, ఆకలితో కొలవాలని నా నమ్మకం. మీ పాప మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుంటుంది? బహుశా పన్నెండు, ఒంటిగంట మధ్యలో. ఆ నిద్ర వేళను ముందు రాసుకుని, దాని చుట్టూ మిగతా ప్లాన్ వేయండి. అప్పుడు మీ చేతిలో ఉండేది ఒక పూటే అని మీకే అర్థమవుతుంది. ఆ పూటకు ఒక్క చోటు చాలు.

ఆ ఒక్క చోటు రామప్ప అయితే బాగుంటుందని నా సలహా. ఎందుకో చెబుతాను. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. ఇదంతా పెద్దవాళ్ల కోసం. మీ బాబు కోసం అక్కడ ఏనుగులున్నాయి. గుడి గోడల కింది భాగాన చుట్టూతా వరుసగా ఏనుగులు నడుస్తున్నట్టు చెక్కారు. వాటిని మనం వంగి చూడాలి, నాలుగేళ్ల పిల్లాడికి అంత వంగే పని ఉండదు. "ఏనుగులు లెక్కపెడదాం రా" అంటే చాలు, ప్రదక్షిణ దానంతట అదే అయిపోతుంది. ఎక్కడ లెక్క తప్పినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. తర్వాత నంది. కాళ్లు ముడుచుకుని, తల ఎత్తి, ఇప్పుడే లేచి వస్తుందేమో అన్నట్టు ఉంటుంది. ఆ నంది మెడలోని గంటలు, పట్టెడలు చూపించండి. పాపకు అదే పండగ.

నాలుగేళ్లవాడికి చెప్పడానికి ఇంకో రెండు సంగతులున్నాయి. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. పునాది గుంతను ఇసుకతో నింపి, దాని మీద ఇంత పెద్ద గుడి నిలబెట్టారు. ఇసుక మీద గుడి అనే మాట విని ఏ పిల్లాడూ ఊరుకోడు. ఇంటికొచ్చాక గిన్నెలో ఇసుక పోసి, మీద రాళ్లు పేర్చి ఆడుకుంటాడు. రాజుల పేర్లు, సంవత్సరాలు ఇప్పుడే చెప్పకండి. బడిలో ఎలాగూ చదువుతాడు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. గుడి ఆరడుగుల ఎత్తున్న అరుగు మీద ఉంటుంది. ఫొటో తీసుకునే హడావుడిలో పాప చేయి వదిలితే అంచు దాకా పరుగెత్తడానికి నిమిషం పట్టదు. ప్రదక్షిణ చేసినంతసేపూ పాప ఒకరి చంకలోనో, చేతిలోనో ఉండాలి. ఆ ఒకరు ఎవరో ముందే అనుకోండి. "నువ్వు పట్టుకున్నావనుకున్నా" అనే మాట దగ్గరే ప్రమాదాలు జరుగుతాయి.

వచ్చే ఆదివారమే వెళ్లాలని పట్టుబట్టకండి. ఇది కార్తీకం. శివాలయాలన్నీ ఆదివారం, సోమవారం కిక్కిరిసి ఉంటాయి. మీవారికి రెండో శనివారం సెలవు ఉంటే ఆ రోజు పెట్టుకోండి, లేదా కార్తీకం దాటాక వచ్చే ఏ ఆదివారమైనా మంచిదే. ఇంకో మాట. మేడారం జాతర ఏడాదిలో మాఘమాసానికి ముందు వారాల నుంచే ములుగు రోడ్డు నిండిపోతుంది. ఆ రోజుల్లో చిన్నపిల్లలతో అటువైపు వెళ్లకపోవడమే మేలు.

పొద్దున ఆరున్నరకల్లా బయలుదేరండి. పిల్లలకు స్నానాలు, కొత్తబట్టలు అని కూర్చుంటే తొమ్మిది అవుతుంది. ముఖాలు కడిగి, పైజామాల్లోనే ఎత్తుకెళ్లి కారులో పడుకోబెట్టండి. ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్లంతా ముందు అక్కడ ఆగి మొక్కి వెళ్తారు. అక్కడ ఆగితే అత్తమ్మకు దర్శనం అవుతుంది, పిల్లలు కాళ్లు చాపుకుంటారు. బట్టలు మార్చి తిండి పెట్టడం కూడా అక్కడే కానివ్వండి. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా రామప్ప చేరతారు. అప్పటికి రాతి నేల ఇంకా చల్లగానే ఉంటుంది. గుడి మీదికి చెప్పులు లేకుండా ఎక్కాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చలికాలమైనా పదకొండు దాటితే బండలు పిల్లల పాదాలకు వేడిగానే తగులుతాయి. ఇద్దరికీ పాత సాక్సులు ఒక్కో జత పెట్టుకోండి.

గంటన్నర గుడిలో గడిపి, పచ్చిక మీద దుప్పటి పరిచి కూర్చోండి. ఓపిక ఉంటే రామప్ప చెరువు కట్ట మీదికి వెళ్లి రండి. పదకొండున్నరకు తిరుగు ప్రయాణం. పాప కారు ఎక్కగానే నిద్రపోతుంది, మీకు కావలసింది కూడా అదే. ఒంటిగంటన్నరకల్లా ఇంట్లో ఉంటారు. సాయంత్రమంతా మిగిలే ఉంటుంది, సోమవారం ఆఫీసుకు ఆయన అలసటతో వెళ్లక్కర్లేదు. ఒకవేళ పదిగంటలకే పిల్లలు విసిగిపోతే, ఏనుగులు సగమే లెక్కపెట్టినా సరే, లేచి వచ్చేయండి. గుడి ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది.

ఇక బాబు వాంతుల సంగతి. రెండేళ్లు దాటినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లల్లో ఇది ఎక్కువ. చెవి లోపలి భాగం "కదులుతున్నాం" అంటుంది, కళ్లేమో కారులోని సీటునో ఫోన్‌నో చూస్తూ "కదలడం లేదు" అంటాయి. ఆ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. కాబట్టి మీరడిగిన ఫోన్ ప్రశ్నకు జవాబు ఇదే: కారు నడుస్తున్నప్పుడు బాబుకు ఫోన్ ఇవ్వొద్దు. ఏడుపు ఆపడానికి ఇచ్చిన ఫోనే పావుగంటలో వాంతి తెప్పిస్తుంది. తల నిటారుగా పెట్టుకుని దూరంగా బయటికి చూసేలా కూర్చోబెట్టండి. ఎక్కే ముందు గ్లాసెడు పాలు తాగించకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కించకండి. రెండు బిస్కెట్లో, ఒక ఇడ్లీయో చాలు. అద్దం కొంచెం దించి గాలి రానివ్వండి. కారులో సెంటు డబ్బా ఉంటే తీసేయండి, ఆ వాసనకే చాలామంది పిల్లలకు కడుపులో తిప్పుతుంది. ముఖం పాలిపోయి, మాట తగ్గి, ఆవలింతలు మొదలైతే అది ముందస్తు సూచన. వెంటనే కారు ఆపి దింపి నడిపించండి. మందు కావాలనిపిస్తే పిల్లల డాక్టరును అడిగి, వాడి బరువుకు తగిన మోతాదు రాయించుకోండి. మెడికల్ షాపులో అడిగి వేసేయకండి.

ఫోన్ లేకపోతే ఎలా అంటారా? నానమ్మ కారులోనే ఉంది కదా. కథలు ఆమె చెబుతుంది. దారి పొడుగునా ట్రాక్టర్లు, బర్రెలు, తాళ్లు, చెరువులు. ఎవరు ముందు చూస్తే వాళ్లు అరవాలి. ములుగు దాటాక కోతులు కూడా కనిపిస్తాయి. వాటికి బిస్కెట్లు వేయకండి, అద్దాలు ఎక్కించి ఉంచండి. కోతి దగ్గర తిండి కవర్ తెరిచారంటే అది పిల్లల చేతిలోంచే లాక్కుంటుంది.

సీటు విషయంలో నేను మొహమాటపడకుండా చెబుతాను. పాపను ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన దగ్గర అందరూ చేసే పని, అన్నింటికన్నా ప్రమాదకరమైన పని కూడా. గట్టిగా బ్రేక్ పడితే ఒడిలోని బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది నేరుగా బిడ్డకే తగులుతుంది. పిల్లలిద్దరూ వెనక సీట్లోనే, వాళ్ల వయసుకు తగిన చైల్డ్ సీట్లలో ఉండాలి. కొనడం భారమైతే పిల్లలు పెద్దయిన బంధువుల దగ్గర అడిగి తెచ్చుకోండి, బెల్టులు, బకిల్సు బాగున్నాయో చూసుకోండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను సీటు బెల్టు, చైల్డ్ సీటు లేకుండా తీసుకెళ్తే చట్టం ప్రకారం 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది. ముందు సీటు అత్తమ్మకు ఇవ్వండి. మోకాళ్లు చాపుకోవడానికి అదే వీలు. మీరు పిల్లల మధ్యలో కూర్చోండి.

తిండి దగ్గరికి వద్దాం. సద్ది కట్టుకుని వెళ్లడమే మంచిది. అయితే ఆ సద్ది కోసం మీరు తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర, చపాతీలు, కూర, పెరుగన్నం, గారెలు అన్నీ చేయాల్సి వస్తే అది మీకు విహారం ఎలా అవుతుంది? పిల్లలకు ఇడ్లీలు, పెరుగన్నం, అరటిపండ్లు. పెద్దవాళ్లకు ముందురోజు సాయంత్రం చేసుకున్న సర్వపిండి, కొంచెం పులిహోర. అంతే. మధ్యాహ్నం భోజనం ఎలాగూ ఇంట్లోనే. కుక్కర్‌లో బియ్యం, పప్పు కడిగి పెట్టుకుని వెళ్లే పని కూడా పెట్టుకోవద్దు, ఆ రోజు దారిలో ములుగులోనో, హనుమకొండలోనో పార్సిల్ తెచ్చుకోండి.

రోడ్డు పక్కన కాల్చిన మక్కకంకులు, పల్లీలు, పుట్నాలు, మక్క పేలాలు కనబడతాయి. మీరు తినండి, పాపకు మాత్రం పెట్టకండి. ఆ వయసులో గింజలు గొంతుకు అడ్డం పడతాయి, అందులోనూ కదిలే కారులో. బాబుకైనా కారు ఆగినప్పుడు, కూర్చోబెట్టి, మీ కళ్ల ముందే పెట్టండి. ద్రాక్షపండ్లయితే నిలువుగా కోసి ఇవ్వండి. పొద్దున కాచిన పాలు ఫ్లాస్కులో పోసుకుని మధ్యాహ్నం దాకా పట్టడం మానుకోండి, గోరువెచ్చగా ఉన్న పాలు త్వరగా పాడవుతాయి. పాప ఇంకా మీ పాలు తాగుతుంటే ఆ గొడవే లేదు, నీడలో కారు ఆపుకుని ఇవ్వండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సంచిలో ఉండాలి. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ అరలీటరులో అని కొలతలు వేయొద్దు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. ఓఆర్ఎస్ అనే పేరుతో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు వేరు. సరైన ఫార్ములా లేని డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రత సంస్థ 2025 అక్టోబరులో ఆదేశాలిచ్చింది. వాంతులో, విరేచనాలో అవుతున్న పిల్లలకు ఆ చక్కెర నీళ్లు మేలు చేయవు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

మిగతా సామాను మీకు తెలిసిందే: డైపర్లు, ఇద్దరికీ రెండేసి జతల బట్టలు, తువ్వాలు, వాంతి కవర్లు, ఒక దుప్పటి. మీకూ ఒక జత బట్టలు పెట్టుకోండి, తల్లులు ఎప్పుడూ మర్చిపోయేది అదే. బయలుదేరేటప్పుడు ఆ రోజు వేసుకున్న బట్టలతో పిల్లల ఫొటో ఒకటి తీయండి. బాబు జేబులో మీ ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీ పెట్టండి. జనంలో తప్పిపోతే ఈ రెండే అక్కరకొస్తాయి.

అత్తమ్మ మాటను మీరు అడ్డంకిగా చూస్తున్నారేమో. నాకు మాత్రం ఆమె మాటలో సగం నిజం కనబడుతోంది. బొగత విషయంలో ఆమె అన్నదే సరైనది. వర్షాకాలంలో నీటి ఉద్ధృతి పెరిగితే అక్కడికి సందర్శకులను పోనివ్వరు. నీళ్లు తగ్గినప్పుడు బండలు నాచుపట్టి జారుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, నడక కుదరని పాప, నీళ్లు చూస్తే ఆగని నాలుగేళ్ల పిల్లాడు. ఈ ముగ్గురితో బొగత ఇప్పుడు వద్దు. "మీరన్నట్టు బొగత పిల్లలు పెద్దయినంక పోదాం అత్తమ్మా, ఇప్పుడు రామప్ప దాకా పోయి శివయ్యను మొక్కుకుని వద్దాం" అని ఆమెతో చెప్పి చూడండి. తన మాటకు విలువ ఇచ్చారని ఆమెకూ తెలుస్తుంది. మడత కుర్చీ ఒకటి తీసుకెళ్లండి. ఆమెను పిల్లల కాపలాకు కూర్చోబెట్టి మీరిద్దరూ తిరగడం కాదు, ఆమెకూ అది ఒక యాత్రే. అరుగు మెట్లు ఎక్కేటప్పుడు కొడుకు చేయి పట్టుకోవాలి.

లక్నవరం వేరే రోజుకు పెట్టుకోండి. చలికాలంలో చెరువు నిండుగా, ఎండ మెత్తగా ఉంటుంది. వేలాడే వంతెన మీద పాపను ఎత్తుకుని, బాబును చేయి పట్టుకుని నడిపించండి. పడవ ఎక్కాలంటే పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడగండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగితే నీళ్లలో అది తల మీదుగా జారిపోతుంది. చిన్న సైజు లేదంటే పడవ ఎక్కకండి, ఎవరు ఏమన్నా సరే.

వేయిస్తంభాల గుడి మీ ఊళ్లోనే ఉంది. దాన్ని దూర ప్రయాణంలో ఇరికించడం ఎందుకు? ఏదో ఒక సాయంత్రం ఐదింటికి వెళ్లి, నల్లరాతి నంది దగ్గర కాసేపు కూర్చుని ఇంటికి రావచ్చు. హంటర్ రోడ్డులోని కాకతీయ జూ పార్కు ఒక పూట, వరంగల్ కోటలోని కీర్తితోరణాలు ఇంకో పూట. కోటలో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ ఉండదు. కారు తీయకుండా ఆటోలో వెళ్లొచ్చు. నన్నడిగితే రామప్పకు ముందు ఇలాంటివి ఒకటి రెండు చేయండి. సంచి ఎలా సర్దుకోవాలో, పాప ఎంతసేపు ఓపిక పడుతుందో మీకే తెలిసిపోతుంది.

ఇక మీవారితో మాట్లాడాల్సిన మాట ఒకటి ఉంది. పోయినసారి గొడవకు కారణం ఆయన కోపమో మీ కోపమో కాదని నాకు అనిపిస్తుంది. ఆయన డ్రైవింగ్‌తో అలసిపోయారు. మీరు ముందురోజు రాత్రి నుంచే వంట, సర్దుడు, పిల్లలతో అలసిపోయి ఉన్నారు. పక్కవాళ్ల అలసట ఇద్దరికీ కనబడలేదు. ఈసారి పనులు ముందే పంచుకోండి. పిల్లల సంచి సర్దడం, నీళ్లు పట్టడం, పొద్దున బాబును తయారుచేయడం ఆయన పని. తిండి, పాప మీ పని. గుడి దగ్గర ఒక అరగంట పిల్లలిద్దరినీ ఆయన చూసుకోవాలి, ఆ అరగంట మీరు ఒంటరిగా గుడి చుట్టూ తిరిగి రండి, లేదా ఊరికే చెట్టు కింద కూర్చోండి. ఇది అడగడానికి మీరు మొహమాటపడొద్దు. ఆయనతో ఈ మాట బయలుదేరే ముందు రోజు కాదు, ఇప్పుడే, పిల్లలు పడుకున్నాక చెప్పండి. నాలుగు చోట్ల ప్లాన్ ఎందుకు కుదరదో పైన రాసిన కిలోమీటర్ల లెక్క చూపించి చెబితే ఆయన ఒప్పుకుంటారనే నా నమ్మకం.